రాబందుల గుట్టకు నాయిన సాక్ష్యం

రాబందు పేరెత్తగానే ముఖం చిట్లించే మనుషులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంటి మీద వాలితే ఇల్లు ఖాళీ చేస్తారు, పొద్దున్నే ఎదురైతే ప్రయాణం మానుకుంటారు. సరే, మీ భయం మీ ఇష్టం. కానీ మీ ఇంట్లో చచ్చిన ఎద్దును, బర్రెను ఒక్క పూటలో మాయం చేసి మీ ముక్కులు కాపాడింది ఎవరో కూడా ఒకసారి తలచుకోండి. మా ఊళ్ళో ఆ పని ఇద్దరే చేసేవాళ్ళు. రాబందు ఒకటి, మా నాయిన ఒకడు.

మాది వాడపల్లికీ హుజూర్‌నగర్‌కూ నడుమ చిన్న ఊరు. ఊరు దాటితే మా వాడ, వాడ దాటితే గొడ్ల ఎముకలు పడి ఉండే బొక్కల బీడు. ఎవరి గొడ్డు చచ్చినా నాయినకు కబురు వచ్చేది. ఆయన ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వెళ్ళి, దాన్ని మోసుకొచ్చి బీడులో వేసి తోలు తీసేవాడు. అప్పటికే అర మైలు అవతల ఉన్న గుట్ట మీది నుంచి రాబందులు దిగి చుట్టూ కూర్చునేవి. తొందరపడి ఒకటి ముందుకొస్తే, "ఆగవే, నా పని కానియ్యి" అని నాయిన కసిరేవాడు. అది నిజంగానే ఆగేది. తోలు భుజాన వేసుకుని ఆయన పక్కకు జరగడమే ఆలస్యం, మిగతా పని అవి చూసుకునేవి.

తోళ్ళు నానబెట్టే తొట్టిని లంద అంటారు. మా లంద గట్టు మీద మూరెడు పొడవు నాపరాయి పలక ఒకటి ఉండేది. ఒక గొడ్డు వట్టి బొక్కలుగా మిగలడానికి ఎన్ని పూటలు పట్టిందో అన్ని గీతలు నాయిన కత్తి మొనతో ఆ పలక మీద గీసేవాడు. ఒక గొడ్డుకూ ఇంకో గొడ్డుకూ నడుమ గోరంత జాగా వదిలేవాడు. బొక్కలు ఎప్పుడు ఏరాలో, బొక్కలు కొనే బండిని ఏ రోజు రమ్మనాలో ఆ గీతలను బట్టి తెలిసేది. ఆయనకు అక్షరం ముక్క రాదు. నా చిన్నప్పుడు ఆ పలక మీద ఏ గొడ్డుకైనా ఒక్కటే గీత.

గుట్టంతా సున్నపురాయి. దక్షిణం వైపు కోసినట్టు నిట్టనిలువుగా ఉండేది. ఆ వైపు రాతి అరల్లోనే రాబందులు గూళ్ళు పెట్టేవి. ఆంధ్రా, తెలంగాణ కలిసిన ఏడాది నేను నాలుగో తరగతి. ఆ చలికాలం నాయిన నన్ను గుట్ట కింద నిలబెట్టి చూపించాడు. రాబందును మా వాడలో గద్ద అనే అంటారు.

"ఆ తెల్ల సారికలు సూడు బిడ్డా. అవి రెట్ట సారికలు. ఒక్కో సారిక ఒక్కో ఇల్లు. తడిగ మెరుస్తున్నదంటే లోపట సంసారం ఉన్నట్టు. బూడిద రంగు తిరిగిందంటే ఇల్లు ఖాళీ అయినట్టు. గద్దను లెక్కపెడితే తప్పు పోతవ్, అది ఇయ్యాల గీడ ఉంటది, రేపు గాడ ఉంటది. సారిక యాడికి పోదు."

ఆ రోజు మేమిద్దరం పదకొండు తడి చారికలు లెక్కపెట్టాం. నేను వేళ్ళు చాలక నాయిన వేలు ఒకటి పట్టుకుని లెక్క ముగించాను.

తర్వాత నేను సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ట్రైనింగ్ అయ్యాక హుజూర్‌నగర్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడే ఒక గది కిరాయికి తీసుకుని, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేదాన్ని. కొత్తలో బడిలో ఎవరో అడిగారు, "మీ నాయిన ఏం జేస్తడు టీచరమ్మా?" అని. వ్యవసాయం అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! ఇంటి నుంచి వెళ్ళే ప్రతి సోమవారం లంద వాసన పోయేదాకా సబ్బుతో ఒళ్ళు రుద్దుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. దాచి పెట్టడానికి ఏమీ లేదిక్కడ, ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ పనులు జోరందుకున్న రోజులవి. కాలువ గట్లకు రాయి కావాలి, గచ్చుకు సున్నం కావాలి. మా గుట్ట మీద కళ్ళు పడ్డాయి. ఒక కాంట్రాక్టరు వచ్చి ఉత్తరం వైపు క్వారీ తెరిచాడు. పక్కనే సున్నపు బట్టీలు లేచాయి. రాతికి చేత్తో బెజ్జాలు వేసి, మందు కూరి, ఎర్ర జెండా ఊపి, "ఖబర్దార్" అని మూడుసార్లు అరిచి పేల్చేవాళ్ళు. మా వాడ మగవాళ్ళు కొందరికి అక్కడ కూలి దొరికింది. కాదనను. కాలువ రావద్దని మేమెవరమూ అనలేదు. నీళ్ళొస్తే మాకు మాత్రం చేదా?

కానీ పేల్చడం పొద్దున్నే, చీకటి ఉండగానే పెట్టుకున్నారు. రాబందు పొద్దున్నే ఎగరదు. ఎండ కాగి గాలి వేడెక్కితేనే లేస్తుంది. అప్పటిదాకా గుడ్డు మీదే ఉంటుంది. దఢాలుమని శబ్దం వచ్చేసరికి అన్నీ ఒక్కసారి బెదిరి లేచేవి. కాళ్ళ కింద ఉన్న గుడ్డు దొర్లి కింద పడేది. గూటికి ఒక్కటే గుడ్డు, ఏడాదికి ఒక్కటే. గుట్ట కింద పగిలిన గుడ్డు పెంకులు నాయిన చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు.

మూడేళ్ళలో పదకొండు చారికలు ఏడయ్యాయి. పలక మీద గీతలు రెండయ్యాయి, మూడయ్యాయి. ఒక దూడకు ఐదు గీతలు పడ్డాయి. బీడులో గొడ్లు కుళ్ళడం మొదలైంది. కుక్కలు మరిగి మనుషుల మీదికి రావడం మొదలైంది. గాలి మళ్ళితే కంపు ఊళ్ళోకి కొట్టేది. ఊరి పెద్దమనుషులు మా వాడ మొగదల నిలబడి నాయినను పిలిచారు.

"ఏందిరా ఈ కంపు? మీరు పని సక్కగ జేస్తలేరు. ఉగాది లోపట ఇది బంద్ గాకుంటే వాడను ఇంకింత దూరం జరుపుకోండ్రి."

"పని సేసెటోళ్ళు పోతున్నరు పటేలా," అన్నాడు నాయిన గుట్ట వైపు చూపిస్తూ.

వాళ్ళు నవ్వారు. పీనుగుల గద్దల మీద నెపం పెడుతున్నాడన్నారు. అప్పుడు మాకు అర్థమైంది, గుట్ట మీద గూళ్ళు పోతే మా ఇళ్ళు కూడా పోతాయని. వాటి అరలు, మా గుడిసెలు ఒకే లెక్కలోకి వచ్చాయి. సరిగ్గా ఆ చలికాలమే క్వారీ మేస్త్రి దక్షిణం వైపు కొలతలు వేయించాడు. ఉత్తరాన మంచి రాయి అయిపోయింది, ఇక గూళ్ళున్న వైపే తవ్వుతామన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. మిర్యాలగూడలో ఒక ఆఫీసు ఉండేది, రాళ్ళ ఆఫీసు అనేవాళ్ళు జనం. క్వారీలకు పర్మిషన్లు అక్కడి నుంచే. తెల్ల ఠావు మీద చక్కటి తెలుగులో అర్జీ రాశాను. 'మా గ్రామ సమీపమున గల గుట్టపై అరుదైన పక్షులు నివసించుచున్నవి, దక్షిణ భాగమున పేలుళ్ళు నిలుపుదల చేయవలెను' అని. కింద నా పేరు, టీచరు అని హోదా. బొక్కల బీడు మాట రాయలేదు. నాయిన మాట రాయలేదు. పలక మాట అసలే రాయలేదు. అర్జీ నిండా గుట్టే ఉంది.

నాయిన చదివి వినిపించమన్నాడు. విన్నాక, "బాగుంది బిడ్డా. బీడు సంగతి రాయలే?" అన్నాడు.

"అది ఎందుకులే నాయినా, ఆఫీసర్లకు గుట్ట చాలు," అన్నాను. ఆయన తలూపాడు.

నెల దాటాక ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. నాయిన సంబరం చెప్పతరం కాదు. ఇంటికి చుట్టం వస్తే ఉన్నంతలో వండి పెట్టే మనిషి ఆయన. ముందు రోజే పటేలు బర్రె చచ్చింది. నాయిన దాన్ని బీడులో వేసి, తోలు తీసి, రాబందులు ముట్టకుండా తుమ్మకంప కప్పి ఉంచాడు. ఆఫీసరు వచ్చే పూటకు కంప తీస్తే నాలుగు దిక్కుల పక్షులన్నీ ఒక్కచోట వాలుతాయి, సారు కడుపునిండా చూస్తాడు అని ఆయన లెక్క. నాకు చెప్పలేదు. నేను చూసి ఆశ్చర్యపోవాలట. తెల్లటి రుమాలు తలకు చుట్టుకుని బీడులో సిద్ధంగా నిలబడ్డాడు.

నేను గుట్ట కింద జీపు దగ్గర నిలబడ్డాను. ఆఫీసరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. మెడలో దుర్భిణి వేసుకుని వచ్చాడు. గుట్టను కింది నుంచి పైదాకా మెల్లగా చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏవమ్మా, రెండే పక్షులున్నాయి కదా. అర్జీలో చాలా ఉన్నట్టు రాశారే?"

నేను పైకి చూశాను. అరలన్నీ ఖాళీ. పిల్లలు ఉన్నాయని నాకు తెలుసు. కానీ పెద్దవి లేనప్పుడు పిల్లలు రాతికి అతుక్కుని పడుకుంటాయి, రాయేదో పిల్లేదో కింది నుంచి తెలియదు. పెద్దవి ఎక్కడికి పోయాయి ఏసయ్యా అనుకుంటుండగానే గాలి మళ్ళింది. బీడు వైపు నుంచి వాసన వచ్చింది. అప్పుడు నాకు వెలిగింది. అటు ఆకాశంలో ముప్ఫై నలభై రాబందులు గుండ్రంగా దిగుతున్నాయి.

ఆఫీసరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఈ కంపేమిటమ్మా? అటువైపు ఏముంది?"

ఒక్క మాట చాలు. అటు రండి సార్, మా నాయిన మీకోసం నిలబడ్డాడు అంటే అయిపోయేది. అర మైలు నడక. అక్కడ అన్నీ ఉన్నాయి, ఆయన కళ్ళారా చూసేవాడు.

"తెలియదండీ," అన్నాను.

దూరంగా తెల్ల రుమాలు కనబడుతూనే ఉంది. జీపు ధూళి లేపుకుంటూ వెళ్ళిపోయింది. పక్కనే నిలబడి అంతా చూసిన మేస్త్రి పళ్ళికిలించి, "టీచరమ్మా, నీకు పీనుగుల గద్దలతోటి ఏం సుట్టరికం?" అని నవ్వాడు.

ఇంటికి వెళ్ళేసరికి నాయిన లేడు. పొద్దు గూకాక వచ్చాడు. రుమాలు విప్పి దులుపుకుంటూ, "సారు రాలే," అన్నాడు. "గద్దలు బాగొచ్చినయ్ బిడ్డా. తిని తిని ఎగరలేక గాడనే కూసున్నయ్. సారు జర ఇటు మళ్ళితే సూసేటోడు. నువ్వు సెప్పలేదా?"

నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆయనకు మొత్తం తెలిసిపోయింది. "సరె తీ," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ 'సరె తీ' నన్ను కోసి పెట్టింది.

పది రోజులకు కాగితం వచ్చింది. 'రెండు పక్షులు మాత్రమే కనబడినవి, పేలుళ్ళకు అభ్యంతరము లేదు.' మేస్త్రి ఆ రోజే దక్షిణం వైపు సున్నంతో గుర్తులు పెట్టించాడు, వచ్చే సోమవారం బెజ్జాలు మొదలన్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత లోకం మీద. శుక్రవారం సెలవు పెట్టి, లంద గట్టు మీది పలకను లేపి గోనె సంచిలో పెట్టాను.

"దాన్నేం జేస్తవే?" అంది అమ్మ.

"మిర్యాలగూడ తీసుకపోత."

"ఆ కంపు రాయినా! టీచరువు, నలుగురు ఏమనుకుంటరు?"

"అనుకోనీ," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

బస్సులో కండక్టరు సంచి వాసన పసిగట్టి దిగమన్నాడు. టికెట్టు కొన్నాను, దిగనన్నాను. టాపు మీద వేయమన్నాడు. పగిలితే నీ ఉద్యోగం ఊడుతది అని బెదిరించాను. ఏ అధికారంతో బెదిరించానో ఆ భగవంతుడికే తెలియాలి. సగం దారి వచ్చేసరికి నా చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యాయి, నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆఫీసులో బంట్రోతు అడ్డం వచ్చాడు. గుమాస్తా ముక్కు మూసుకుని లేచాడు. నేను నేరుగా వెళ్ళి ఆఫీసరు బల్ల మీద, ఫైళ్ళ మీదే, పలక పెట్టాను.

"ఏమిటమ్మా ఇది!"

"ఆ రోజు కంపేమిటని అడిగిన్రు కద సార్. ఇదే. నేను తెల్వదన్న, అబద్ధమాడిన. అది మా బీడు. అక్కడ మా నాయిన గొడ్ల తోలు తీస్తడు. మీరొస్తున్నరని గద్దలకు బర్రెను పెట్టి, పొద్దుగూకేదాక మీకోసం నిలబడ్డడు. గుట్ట మీద గద్దలు లేకపోవుడు కాదు సార్, మా నాయిన పిలిచిన విందుకు పోయినయ్."

నేను ఆగలేదు. పలక మీద వేలు పెట్టి చూపించాను. ఇది క్వారీ రాకముందు, ఒక గొడ్డుకు ఒక పూట. ఇది మొదటి ఏడాది, రెండు. ఇది నిరుడు, మూడు. ఇది దూడకు ఐదు. మీరు ఒక్క పూట వచ్చి రెండు అని రాశారు. మా నాయిన పన్నెండేళ్ళుగా రాస్తున్నాడు.

ఆఫీసరు పలకను దగ్గరికి లాక్కున్నాడు. చేతిరుమాలు తీయబోయి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఒక్కో గీతనూ వేలితో తడుముతూ మెల్లగా అన్నాడు, "ఈ సంగతి ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా."

"ఆ రోజు సిగ్గుపడ్డ సార్. ఇయ్యాల పడ్తలేను."

సోమవారం పొద్దున జీపు వచ్చింది, వెనక సీట్లో మా పలకతో. ఈసారి గుట్ట దగ్గర ఆగలేదు, తిన్నగా బీడు దగ్గరికే వచ్చింది. నాయిన పని బట్టల్లోనే ఉన్నాడు. ఆఫీసరు బీడు అంచున ఆగి, ఏమనుకున్నాడో, వంగి బూట్లు విప్పబోయాడు.

"ఇప్పకున్రి సారూ, బొక్కలు గుచ్చుకుంటయి," అన్నాడు నాయిన. "ఇది పని జాగ. చెప్పులతోటే రావాలె."

ఇద్దరూ బీడు దాటి గుట్ట కిందికి నడిచారు. నేను వెనక. నాయిన చిన్నప్పుడు నాకు చెప్పినట్టే ఆయనకూ చారికల సంగతి చెప్పాడు. ఆఫీసరు దుర్భిణి పెట్టి పక్షులను వదిలేసి, తడి చారికలు లెక్కపెట్టాడు. ఏడు వచ్చాయి. అప్పుడు ఒక్కో చారిక పైన ఉన్న అరను వెతికాడు. కాసేపటికి, "అదిగో, కదిలింది! తల ఎత్తింది!" అని అరిచాడు. పెద్ద ఆఫీసరు, గుట్ట కింద నిలబడి అలా అరుస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మేస్త్రి ఉరికి వచ్చాడు. "సార్, మా పని నిలబడ్తది. కాలువకు రాయి కావద్దా?"

"రాయి వద్దనేది ఎవరు?" అన్నాడు నాయిన. "ఉత్తరం పక్క పాత గుంతల ఇంకింత లోతు పోతే రాయి ఉన్నది, మా వాడోళ్ళే సెప్తున్నరు. పైపైన తీసి ఇడిసిపెట్టిండ్రు. ఈ పక్క పిల్లలు ఎగిరేదాక ముట్టకున్రి. ఉగాది దాటినంక ఎగుర్తయి. ఇంగొకటి. పొద్దుగాల పేల్చొద్దు. పొద్దు నడిమింట్ల ఉన్నప్పుడు పేల్చుండ్రి. అప్పుడు పెద్ద గద్దలు ఆకాశంల ఉంటయి, కాళ్ళ కింద గుడ్డు పడేది ఉండదు. మీ కూలోళ్ళు ఎట్లా బువ్వకు ఆ యాళ్ళకే పోతరు, మనుషులకూ మంచిది."

ఆఫీసరు మేస్త్రి వైపు తిరిగి, "ఆ గుంతల్లో రాయి ఉందా లేదా?" అని అడిగాడు. మేస్త్రి గొణిగాడు. ఉంది.

జీపు ముందు భాగం మీద కాగితం పెట్టుకుని ఆఫీసరు రాయడం మొదలుపెట్టాడు. చారికల లెక్క, పలక గీతలు, పేల్చే వేళ, ఉగాది దాకా దక్షిణం వైపు ముట్టకూడదని, అన్నీ రాశాడు. చివరికి, "ఈ వివరాలు చూపించినవారు ఎవరని రాయాలి. మీ పేరు, మీ వృత్తి చెప్పండి," అన్నాడు నాయినతో.

నాయిన పేరు చెప్పి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "పనిదేమున్నది సారూ, టీచరమ్మ తండ్రి అని రాసుకోండ్రి. బిడ్డ నౌకరీ జేస్తది. కాగితం బడికి గూడ పోతది," అన్నాడు.

ఆయన నన్ను కాపాడుతున్నాడు. నేను దాచానని తెలిసి, ఆ దాపరికాన్ని కూడా తన రుమాలుతో కప్పుతున్నాడు.

"అట్ల వద్దు సార్," అన్నాను. "చచ్చిన గొడ్ల తోలు తీసే పని అని రాయండ్రి. ఈ పనిలో నలభై ఏండ్ల నుంచి ఉన్నడని రాయండ్రి. నేను ఆయన బిడ్డనని కూడ రాయండ్రి."

ఆఫీసరు రాశాడు. నాయిన వేలిముద్ర వేశాడు. మేస్త్రి నన్ను ఎగాదిగా చూస్తుంటే, "నాకు గద్దలతోటి ఏం సుట్టరికమని అడిగినవ్ కద. సుట్టరికమే. మా నాయిన పని, వాటి పని ఒక్కటే," అన్నాను.

అసలు ఉత్తర్వు పైనుంచి రావాలట. అప్పటిదాకా అని ఆఫీసరు ఒక చీటీ రాసి మేస్త్రి చేతిలో పెట్టాడు. చీటీని ఎవరు లెక్కచేస్తారు? రెండు వారాలకే ఒక ఆదివారం మేస్త్రి మనుషులు గడ్డపారలు పట్టుకుని దక్షిణం వైపు వచ్చారు. నేనూ అమ్మా చర్చి నుంచి వస్తున్నవాళ్ళం వస్తున్నట్టే వెళ్ళి, సున్నం గుర్తుల కింద చీరె కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నాం. వాడ ఆడవాళ్ళు పది మంది వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఒకామె సజ్జరొట్టె తెచ్చింది. మేస్త్రి జెండా ఊపాడు, ఖబర్దార్ అని మూడుసార్లు అరిచాడు. అమ్మ రొట్టె తుంచుకుంటూ, "అరువు, గొంతు పోతది," అంది. పొద్దు గూకేదాకా మేం లేవలేదు. తర్వాత వాళ్ళు అటు రాలేదు.

ఉగాది దాటాక ఏడు గూళ్ళలో ఆరు పిల్లలు ఎగిరాయి. ఏడో దానికి ఏమైందో తెలియదు. ఉగాది గడువు పెట్టిన పెద్దమనుషులు మళ్ళీ వాడ మొగదలకు రాలేదు. ఆ వేసవిలో చచ్చిన ఎద్దుకు పలక మీద రెండు గీతలు పడ్డాయి. ఒకటి కాదు, రెండే. అయినా ఐదు కాదు.

ఉత్తర్వు వానాకాలంలో వచ్చింది, పక్షులు ఎగిరిపోయిన ఎన్నాళ్ళకో. సర్కారు వేగం అది. కానీ అందులో ప్రతి ఏడాదీ ఇదే పద్ధతి పాటించాలని ఉంది. దాని నకలు ఒకటి బడికి వచ్చింది. హెడ్‌మాస్టరు అందరి ముందు విప్పి, అలవాటుగా పైకి చదివాడు. నాయిన వృత్తి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. ఎవరూ నా వైపు చూడలేదు. నేను లేచి, మూలన ఉన్న కుండ దగ్గరికి వెళ్ళి, గ్లాసు ముంచి నీళ్ళు తాగాను. మరునాడు మూలన రెండో కుండ ఒకటి వచ్చింది. నేను రెండింట్లోనూ ముంచుకుని తాగాను. వారం తర్వాత రెండో కుండ పోయింది.

శనివారం ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళాను. నాయిన లంద గట్టు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. చదివాను. గూళ్ళున్న వైపు ముట్టకూడదన్న చోట ఆయన తలూపాడు. నడిమింట్ల పేల్చమన్న చోట కూడా తలూపాడు.

"నా పని ఏమని రాసిండ్రు?" అన్నాడు.

"చచ్చిన గొడ్ల తోలు తీయు వృత్తిలో నలభై ఏండ్ల అనుభవము గలవారు చూపిన ప్రకారము, అని."

కత్తి నూరడం ఆపాడు. "చూపిన ప్రకారం అని ఉన్నదా?"

"ఉన్నది నాయినా."

"ఇంగోపారి సదువు."

చదివాను. ఆయన కాసేపు గుట్ట వైపు చూశాడు. క్వారీలో కూలీలు పని దిగి వస్తున్నారు, మేస్త్రి కూడా వాళ్ళతో ఉన్నాడు. ఊళ్ళోకి పోయే దారి మా వాడ పక్క నుంచే.

"జర పెద్దగ సదువు బిడ్డా," అన్నాడు.

నేను లంద గట్టు మీదికి ఎక్కి నిలబడ్డాను. బడిలో వెనక బెంచీకి వినబడేలా చదివే గొంతు నాది. మేస్త్రి నడక ఆపేదాకా, ఊరి మొదటి ఇంటి తలుపు తెరుచుకునేదాకా చదివాను.